రొటేషన్ సెన్సర్ మీద పీహెచ్‌డీ ఇచ్చేవాళ్లకు: మొదటి ఏడాది పరికరం దగ్గర కూర్చోనివ్వండి

నేల తిరుగుడును కొలిచే రొటేషనల్ సీస్మాలజీలో పీహెచ్‌డీ స్థానాలు ప్రకటించే పరిశోధక బృందాలకు, గైడ్‌లకు, ఇంటర్వ్యూల్లో కూర్చునే కమిటీ సభ్యులకు,

నమస్కారం.

మీ ప్రకటనలు నేను వదలకుండా చదువుతాను. నాకిప్పుడు ఆ స్థానం అక్కర్లేదు, ఇదే విషయం మీద పీహెచ్‌డీ పూర్తి చేసి చాలా కాలమైంది. కానీ అప్లై చేయబోయే పిల్లలు ఆ ప్రకటన నాకు పంపి "ఇది మంచిదేనా, చేరమంటారా?" అని అడుగుతుంటారు, అందుకని ఒక్కో వాక్యం ఆగి ఆగి చూస్తాను. ఈ మధ్య చూసిన వాటిలో దాదాపు అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ఆరు కాంపొనెంట్ల డేటా (నేల కదిలే ఆరు తీరులనూ విడివిడిగా రాసింది) విశ్లేషణ, తరంగాల రకాలు విడదీయడం, ఒకే స్టేషన్ నుంచి నేల లోపల తరంగాల వేగాలు కనుక్కోవడం, వీలైతే మెషిన్ లెర్నింగ్. గడువు మూడేళ్లు. రొటేషన్ డేటాతో అనుభవం ఉన్నవాళ్లకు ప్రాధాన్యం.

చదవగానే ఉత్సాహం వస్తుంది, నాకూ వస్తుంది. చేరమనే చెబుతున్నాను అందరికీ. కానీ ఆ ప్రకటనల్లో ఎక్కడా కనిపించని ఒక మాట ఉంది, ఆ మాట లేకపోవడం వల్ల నేను పోగొట్టుకున్నది ఏమిటో నాకు తెలుసు, అందుకే ఈ ఉత్తరం. స్కాలర్ మొదటి ఏడాది ఎక్కువ భాగం ఆ సెన్సర్‌తోనే గడపనివ్వండి. అది నిజంగా ఏం కొలుస్తోంది, ఏం కొలవట్లేదు అని తేల్చే పనిని థీసిస్‌లో ఒక పూర్తి అధ్యాయంగా లెక్కించండి. నేను అడిగేది ఇంతే. మిగతా ఉత్తరమంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి.

మీకు తెలిసినదే అయినా, ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం విషయం కొంచెం చెప్పాలి. నీటి మీద పడవను చూడండి. అది ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందికీ కదులుతుంది. అంతటితో ఆగదు, పక్కకు ఒరుగుతుంది, ముక్కు ఎత్తుతుంది దించుతుంది, నిలువు ఇరుసు చుట్టూ తిరుగుతుంది. భూకంప తరంగం వచ్చినప్పుడు నేల మీది ప్రతి బిందువూ ఇలా ఆరు రకాలుగా కదులుతుంది. మనం వందేళ్లకు పైగా వాడుతున్న సీస్మోమీటర్లు మొదటి మూడింటినే రాస్తాయి. మిగతా మూడూ, అంటే తిరుగుళ్లు, చాలా చిన్నవి కాబట్టి కొలవడం సాధ్యం కాదని, కొలిచినా పెద్దగా ఉపయోగం లేదని చాలాకాలం పక్కన పెట్టేశారు. ఇవి కాక సాగడం, నొక్కుకుపోవడం లాంటి మార్పులకు ఇంకో ఆరు అంకెలు ఉంటాయి, వాటి జోలికి ఇప్పుడు వెళ్లను.

తిరుగుడు మీద మనుషులకు అనుమానం మాత్రం పాతదే. ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో 1783లో వచ్చిన భూకంపాల తర్వాత ఒక మఠం ముందున్న రెండు రాతి స్తంభాల పీఠాలు అలాగే ఉండి, పైరాళ్లు మాత్రం పక్కకు తిరిగిపోయాయి. 1897లో షిల్లాంగ్ పీఠభూమిని కుదిపేసిన పెద్ద భూకంపం తర్వాత, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న ఛాతక్‌లో జార్జ్ ఇంగ్లిస్ స్మారక స్తంభం పైభాగాలు విరిగిపడ్డాయి, నిలిచిన భాగం తన పునాది మీద దాదాపు 15 డిగ్రీలు తిరిగింది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన ఆర్.డి. ఓల్డ్‌హామ్ దాన్ని తన 1899 నివేదికలో నమోదు చేశాడు. చూడగానే ఎవరైనా ఏమనుకుంటారు? కింద నేల సుడి తిరిగి ఉంటుందనే కదా. కానీ అంతకు యాభై ఏళ్ల ముందే, 1846లో, ఐర్లండ్ ఇంజనీరు రాబర్ట్ మాలెట్ ఈ ఆలోచనను ఆపాడు. రాయి కింద పట్టు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటే, నేల తిన్నగా ఊగినా రాయి తిరుగుతుంది అన్నాడు. అంటే రాయి తిరిగిందన్నది నిజం, నేల తిరిగిందన్నది మాత్రం దానివల్ల రుజువు కాదు.

ఈ కథ చాలామంది తమ ఉపన్యాసం మొదట్లో ఒక ఫొటోగా చూపించి తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోతారు. నాకైతే ఈ శాస్త్రంలోని అసలు ప్రశ్న అక్కడే ఉంది. ఆ స్తంభమే మన మొదటి రొటేషన్ సెన్సర్. అది చెప్పింది నేల గురించా, తన కింది అతుకు గురించా? ఇప్పుడు మన దగ్గర లేజర్లున్నాయి, ఫైబర్ కాయిల్స్ ఉన్నాయి, ప్రశ్న మాత్రం అదే, అక్షరం మారలేదు.

1913లో జార్జ్ సాన్యాక్ చూపించిన ప్రభావం మీద మన మంచి పరికరాలు నడుస్తాయి. ఒకే దారిలో రెండు కాంతి కిరణాలు ఎదురెదురు దిశల్లో తిరుగుతుంటే, ఆ దారి మొత్తం తిరిగినప్పుడు రెండింటి మధ్యా తేడా వస్తుంది. జర్మనీలోని వెట్‌జెల్ అబ్జర్వేటరీలో నాలుగు మీటర్ల భుజం ఉన్న చదరపు రింగ్ లేజర్ ఉంది. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్లనే అందులో 348.5 హెర్ట్జ్ బీట్, అంటే ఆ రెండు కిరణాల పౌనఃపున్యాల తేడా, వినిపిస్తుంది. భూకంపం వస్తే ఆ అంకె అతి కొద్దిగా అటూ ఇటూ కదులుతుంది, ఆ కదలికే మన డేటా. మ్యూనిక్ దగ్గర ఫుర్‌స్టెన్‌ఫెల్డ్‌బ్రుక్‌లో నాలుగు త్రికోణాల రింగులను తలకిందులు చేసిన పిరమిడ్‌లా భూమిలో కట్టారు, పేరు రోమీ, మూడు ఇరుసుల చుట్టూ తిరుగుడు పట్టడానికి. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద జింజెరీనో ఉంది. ఇవన్నీ కదలని పెద్ద పరికరాలు. చేతులతో మోసుకెళ్లి ఎక్కడైనా పెట్టగలిగినవి ఫైబర్ ఆప్టిక్ జైరోలు, అంటే చుట్టగా చుట్టిన గాజు తీగలో కాంతిని తిప్పి తిరుగుడు కొలిచేవి, వీటిలో బ్లూసైస్ పేరు మీ అందరికీ తెలుసు.

2003 సెప్టెంబర్ 25న జపాన్ ఉత్తరాన హొక్కైడో తీరంలో 8.1 తీవ్రతతో వచ్చిన టోకాచి-ఓకి భూకంపాన్ని వెట్‌జెల్ రింగ్ లేజర్ నమోదు చేసింది. పక్కనే ఉన్న సీస్మోమీటర్ ఇచ్చిన అడ్డు దిశ (తరంగం వెళ్లే దారికి అడ్డంగా) త్వరణాన్నీ, లేజర్ ఇచ్చిన తిరుగుడు వేగాన్నీ ఒకదాని మీద ఒకటి పెడితే ఆ రెండు గీతలు దాదాపు ఒకటిగా కలిసిపోయాయి. దాని మీద 2005లో వచ్చిన పేపర్‌లోని బొమ్మ చూసిన రోజు నేను ఈ రంగంలోకి రావాలనుకున్నాను. రెండు పరికరాలు, వాటి భౌతిక సూత్రాలకు ఒకదానితో ఒకదానికి సంబంధమే లేదు, ఒకటి స్ప్రింగుకు వేలాడే బరువు, ఇంకొకటి గాజు మధ్య తిరిగే కాంతి, అయినా రెండూ ఒకే కెరటాన్ని ఒకేలా రాశాయి.

ఆ రెండు గీతల మధ్య నిష్పత్తిలోనే అసలు నిధి ఉంది. సమతల తరంగం (ముందు అంచు వంపు లేకుండా తిన్నగా ఉండేది) అనుకుంటే, అడ్డు త్వరణాన్ని తిరుగుడు వేగంతో భాగించి రెండుతో భాగిస్తే ఆ తరంగం పరిగెత్తే వేగం వస్తుంది. మామూలుగా ఆ వేగం కావాలంటే విస్తారంగా పరిచిన స్టేషన్ల వరుస కావాలి. ఇక్కడ ఒక్క చోటు చాలు. పైగా రెండు గీతలు ఏ దిశలో బాగా కలుస్తాయో వెతికితే తరంగం ఎటువైపు నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. వరుసగా స్టేషన్లు పెట్టలేని చోట్ల, సముద్రం అడుగున, అగ్నిపర్వతం అంచున, వేరే గ్రహం మీద, ఇది ఎంత పెద్ద విషయమో మీకు నేను చెప్పనక్కర్లేదు.

కానీ అది భాగహారం. పైనున్న తప్పూ కిందున్న తప్పూ రెండూ జవాబులోకే వెళ్తాయి. జవాబు చూస్తే తప్పులా కనిపించదు, సెకనుకు ఇన్ని కిలోమీటర్లు అని నమ్మదగ్గ అంకెలా కనిపిస్తుంది. నా కష్టమంతా ఇక్కడ మొదలైంది.

నేను చేరినప్పటికే సెన్సర్ పెట్టి ఉంది, డేటా వస్తోంది. నాకు ఇచ్చిన పని ఆ డేటా తీసుకుని చిన్న చిన్న స్థానిక భూకంపాల దిశలు కనుక్కోవడం. వాటిలో చాలావరకు భూకంపాల కేటలాగ్‌లో లేనంత చిన్నవి, అంటే సరిచూసుకోవడానికి జవాబు లేదు. దిశలన్నీ ఎవరూ ఊహించని వైపు చూపించాయి. అటువైపు ఇంతవరకు మ్యాప్‌లో లేని ఫాల్ట్ (భూకంపాలు పుట్టే పగులు) ఏదో ఉందని నేను అనుకున్నాను, మాట్లాడినవాళ్లు కూడా కొట్టిపారేయలేదు, ఉత్సాహంగానే విన్నారు. నాలుగు నెలలు ఆ లేని ఫాల్ట్ వెనక తిరిగాను. ఆ తర్వాత కొంచెం పెద్దది ఒకటి వచ్చింది, చుట్టుపక్కల నెట్‌వర్క్ దాని చోటును తేల్చింది, నాకు వచ్చిన దిశకు సరిగ్గా 180 డిగ్రీలు ఎదురు. సెన్సర్ దగ్గరికి వెళ్లి మూత తీసి చూస్తే నిలువు ఇరుసు పాజిటివ్ అంటే కిందికి అని బాణం గుర్తు ఉంది, ఫైల్‌లో పైకి అని రాసుంది. ఒక్క మైనస్ గుర్తు.

దాన్ని సరిచేశాక వేగాలు చూశాను. అవీ నమ్మేలా లేవు, ఆ రాయికి ఉండాల్సిన దానిలో సగం కూడా రావట్లేదు. ఈసారి ఫాల్ట్ వెనక పడలేదు, నేరుగా గదిలోకే వెళ్లాను. సీస్మోమీటర్ రాతి మీదికి దిగిన కాంక్రీట్ దిమ్మె మీద ఉంది. రొటేషన్ సెన్సర్‌కి ఆ దిమ్మె మీద చోటు సరిపోక రెండు మీటర్ల దూరంలో గది గచ్చు మీద పెట్టారు. ఆ గచ్చు తన సొంత కదలిక కదులుతోంది. తిరుగుడు ఎక్కువగా నమోదవుతోంది, కాబట్టి భాగిస్తే వేగం తక్కువ వస్తోంది. దిమ్మె మీద చోటు చేసి సెన్సర్‌ని జరిపించాక అంకెలు దారిలో పడ్డాయి. తిరిగిన రాళ్ల గురించి మాలెట్ లేవనెత్తిన ప్రశ్న నా గదిలోనే ఉంది, నేను మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుని అది ఎక్కడో లోతుల్లో ఉందనుకున్నాను.

ఇవి రెండూ నా థీసిస్‌లో లేవు. రాశాను, పేజీలు ఉన్నాయి, బొమ్మలు ఉన్నాయి, సెన్సర్ జరపక ముందు తర్వాత పోలిక ఉంది. "ఇది ఫలితం కాదు, ఇన్‌స్టలేషన్ నోట్" అన్నారు, తీసేశాను. కానీ నా పీహెచ్‌డీలో నేను నిజంగా శాస్త్రం నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. తర్వాత ఆ సెన్సర్ డేటా వాడిన ఇంకో స్కాలర్, సెన్సర్ జరపక ముందు భాగం తీసుకుని, అదే తప్పుడు వేగాలతో నెలలు కష్టపడి చివరికి నాకు మెయిల్ పెట్టాడు. నా తొమ్మిది పేజీలు థీసిస్‌లో ఉండి ఉంటే అతనికి ఆ టెన్షన్ ఉండేది కాదు. ఈ విషయం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

"నీ ఒక్క గది సంగతి అది" అంటారేమో. కాదు. గుహలు, గోడలు, మెట్టులా తెగిన నేల, పక్కపక్కనే మెత్తని మట్టీ గట్టి రాయీ, ఇలాంటి చోట్ల తరంగం వల్ల వచ్చే సాగుడు అక్కడికక్కడే తిరుగుడుగా మారుతుంది, దీన్ని స్ట్రెయిన్ రొటేషన్ కప్లింగ్ అని మీరే పేపర్లు రాశారు. బిందువు దగ్గర కొలిచే ఏ రొటేషన్ సెన్సర్ అయినా ఆ బిందువు చుట్టూ ఉన్న చిన్న ప్రపంచాన్ని కూడా కొలుస్తుంది. అది ఎంత అన్నది ప్రతి చోటా విడిగా తేల్చాల్సిందే, ఒకసారి ఎవరో తేల్చి పెడితే అందరికీ సరిపోయేది కాదు.

ఇంకా ఉన్నాయి. కొన్ని అంకెలు పెడతాను, కొత్తగా చేరేవాళ్లు ఇవి తమ చేతితో వేసి చూసుకోవాలని నా కోరిక. దగ్గరి భూకంపం ఒకటి అడ్డు దిశలో సెకనుకు సెకనుకు 1 మిల్లీమీటరు త్వరణం ఇచ్చిందనుకుందాం, తరంగ వేగం సెకనుకు 4 కిలోమీటర్లు. తిరుగుడు వేగం సెకనుకు 125 నానోరేడియన్లు (రేడియన్‌లో వంద కోట్లో వంతు ఒక నానోరేడియన్) వస్తుంది. అదే దూరపు భూకంపమై త్వరణం అందులో వందో వంతు ఉంటే, 1.25 నానోరేడియన్లు. మోసుకెళ్లగలిగే ఫైబర్ జైరో సొంత నాయిస్, అంటే నేల కదలకపోయినా అది రాసే రొద, రూట్ హెర్ట్జ్‌కి సుమారు 20 నానోరేడియన్లు. ఒక్కో ఊపుకు 20 నుంచి 50 సెకన్లు పట్టే తరంగాలను మాత్రమే తీసుకుంటే, నాయిస్ మొత్తం మూడున్నర దాకా వస్తుంది. 125ని చక్కగా చూస్తాం, 1.25 అందులో మునిగిపోతుంది. ఈ లెక్క పది నిమిషాల పని. కానీ ఈ లెక్క వేయకుండా "దూరపు భూకంపాల నుంచి క్రస్ట్ (భూమి పైపొర) నిర్మాణం" అని పోర్టబుల్ సెన్సర్‌తో థీసిస్ టైటిల్ ఖరారు చేసిన ప్రకటన నేను చదివాను, ఏ బృందమో చెప్పను, మారిస్తే చాలు.

అదే సెన్సర్ భూమి భ్రమణాన్ని కూడా చూస్తుంది, సెకనుకు దాదాపు 73 వేల నానోరేడియన్లు, మనం వెతికే ఆ చిన్న సంకేతం కన్నా 50 వేల రెట్లకు పైగా. సెన్సర్ ఒరిగితే దాని ఇరుసు మీద పడే భూభ్రమణ భాగం మారుతుంది, అది కూడా సంకేతంలా కనిపిస్తుంది. మరోవైపు సీస్మోమీటర్‌కి వేరే బలహీనత ఉంది. అది కొద్దిగా ఒరిగితే గురుత్వాకర్షణలో ఒక ముక్క అడ్డు త్వరణంలా నమోదవుతుంది. కిలోమీటరు పొడవున ఒక చివర ఒక మిల్లీమీటరు లేస్తే అది ఒక మైక్రోరేడియన్ ఒరుగు. అంత ఒరుగుకే సెకనుకు సెకనుకు సుమారు 0.01 మిల్లీమీటరు దొంగ త్వరణం వస్తుంది, అంటే నేను పైన చెప్పిన దూరపు భూకంపం ఇచ్చినంత. ఎండ పడి గోడ వేడెక్కినా, గాలికి భవనం వాలినా, పక్కన బరువైన వాహనం ఆగినా ఇది జరుగుతుంది.

ఈ ఒరుగును విడదీయడమే రొటేషన్ సెన్సర్లకు ఉన్న గొప్ప ఉపయోగాల్లో ఒకటి, ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ భూకంపాలది కాదు. గురుత్వ తరంగాలను పట్టే లైగో అబ్జర్వేటరీల్లో నాలుగు కిలోమీటర్ల చేతుల చివర అద్దాలను నేల కదలికల నుంచి కాపాడే వ్యవస్థ ఉంటుంది. గాలి వీచి భవనం నేలను ఒరిగిస్తే సీస్మోమీటర్ దాన్ని కదలిక అనుకుని ఆ వ్యవస్థకు తప్పు చెబుతుంది. అందుకని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో తయారైన బీమ్ రొటేషన్ సెన్సర్లను అక్కడ పెట్టారు, అవి ఒరుగును విడిగా కొలిస్తే సీస్మోమీటర్ గీతలోంచి దాన్ని తీసేస్తారు. ఆ సెన్సర్‌ని తయారుచేయడం, దాని లోపాలు తెలుసుకోవడం, దాన్ని నమ్మదగ్గ స్థితికి తేవడం, ఇదంతా అక్కడ శాస్త్రమే, దాని మీద పేపర్లు వచ్చాయి. మన దగ్గర మాత్రం "టెక్నీషియన్ పని" ఎందుకవుతోంది?

నాసా పంపిన ఇన్‌సైట్ ల్యాండర్ సంగతి కూడా చూడండి. 2018 నవంబర్ 26న అంగారకుడి మీద దిగింది, ఒక్క సీస్మోమీటర్‌తో ఒక గ్రహం లోపలిని వినాలి. ఆ డేటాలో గ్లిచ్‌లు, అంటే ఉన్నట్టుండి కనిపించే దొంగ సంకేతాలు, వచ్చేవి, చాలావరకు ఉష్ణోగ్రత మార్పుల వల్ల పరికరం చిన్నగా ఒరగడంతో వచ్చినవి. ఆ బృందాలు వాటిని దాచలేదు, ఎలా వస్తున్నాయి, ఎలా గుర్తించాలి, ఎలా తీయాలి అని పేపర్లే రాశాయి. ఆ తర్వాత మార్స్ డేటా ముట్టుకున్న ప్రతి ఒక్కరూ ఆ పని మీద నిలబడ్డారు. రేపు చంద్రుడి మీదో ఇంకెక్కడో ఆరు కాంపొనెంట్ల పరికరం పెట్టాలని మీలోనే కొందరు ఇప్పటికే పనిచేస్తున్నారు, అక్కడికి వెళ్లి మూత తీసి బాణం గుర్తు చూసే అవకాశం ఎవరికీ ఉండదు.

ఇప్పుడు మీ ఇబ్బంది నాకు తెలియదనుకోకండి. నిధులు మూడేళ్లకో నాలుగేళ్లకో వస్తాయి, రిపోర్టులో పేపర్ల సంఖ్య అడుగుతారు, మొదటి ఏడాది పేపర్ లేకుండా పోతే మీ మీద ఒత్తిడి, స్కాలర్ మీద అంతకన్నా ఎక్కువ. ఇవన్నీ నిజమే. అయితే నా లెక్క ఇంకోలా ఉంది. నాకు ఆ మైనస్ గుర్తు నాలుగు నెలలు తీసుకుంది, గచ్చు ఇంకో ఐదు నెలలు. చేరిన మొదటి నెలలోనే నన్ను సెన్సర్ దగ్గరికి పంపి, "దీన్ని చేతితో తిప్పి చూడు, ఏ వైపు తిప్పితే గీత పైకి లేస్తుందో రాసుకో" అని ఎవరైనా చెప్పి ఉంటే ఆ మొదటి నాలుగు నెలలు ఒక మధ్యాహ్నంలో అయిపోయేవి. మీరు ఆదా అనుకుంటున్న సమయం ఎక్కడికీ పోదు, రెండో ఏడాదిలో స్కాలర్ ఒంటరిగా, భయపడుతూ, ఎవరికీ చెప్పుకోలేక ఖర్చుపెడతాడు.

పోలికకు ఏర్పాటు చేయడం కూడా ఆ ఏడాదిలో భాగమే. సెన్సర్ చుట్టూ మామూలు సీస్మోమీటర్లు కొన్ని పెట్టి, వాటి తేడాల నుంచి తిరుగుడును లెక్కగట్టి, సెన్సర్ చెప్పినదానితో సరిచూడటం మీకు కొత్త కాదు. ఆ వరుస పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతును మించకూడదు. సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఒక హెర్ట్జ్ తరంగానికి అది 750 మీటర్లు, అసాధ్యమైనదేం కాదు. ఫుర్‌స్టెన్‌ఫెల్డ్‌బ్రుక్‌లో 2019లో రకరకాల రొటేషన్, స్ట్రెయిన్ సెన్సర్లను ఒకచోట చేర్చి ఒకే కదలికకు ఎవరేం చెబుతున్నారో పోల్చారు కదా. అలాంటి చోట ఒక వారం గడిపిన స్కాలర్‌కీ, ఫైల్ డౌన్‌లోడ్ చేసుకుని మొదలుపెట్టిన స్కాలర్‌కీ చూపులో తేడా ఉంటుంది, ఇద్దరితోనూ మాట్లాడితే మీకే తెలుస్తుంది.

అనుభవం గురించి ఒక మాట. "రొటేషన్ డేటాతో అనుభవం" అని మీరు అడిగినప్పుడు ఎవరిని అడుగుతున్నారో ఆలోచించండి. ఈ విషయానికి అంతర్జాతీయ వర్కింగ్ గ్రూప్ ఏర్పడిందే 2006లో. పెద్ద రింగ్ లేజర్లు ఉన్న చోట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మంచి ఫైబర్ జైరో కొనగలిగే డిపార్ట్‌మెంట్లు ప్రపంచం మొత్తం మీద కొన్నే. అంటే ఆ ఒక్క వాక్యంతో మీరు మీ పక్క గదిలో మాస్టర్స్ చేసిన విద్యార్థిని తప్ప మిగతా అందరినీ బయట పెట్టినట్టే. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు, కానీ ఆ వాక్యం చదివి అప్లై చేయకుండా ఊరుకున్న చురుకైన పిల్లలు నాకు తెలుసు. దానికి బదులు, ఏదో ఒక కొలత పని, అది ఏ రంగంలోదైనా, తప్పు వచ్చినప్పుడు ఎలా పట్టుకున్నావో చెప్పమని అడగండి. భౌతిక శాస్త్రం నుంచి వచ్చినవాళ్లు, ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చినవాళ్లు దానికి మంచి జవాబులు చెబుతారు. లవ్ తరంగాలు, రేలీ తరంగాలు లాంటి భూకంప తరంగాల రకాలు మూడు నెలల్లో నేర్పొచ్చు. అంకెను అనుమానించే అలవాటు నేర్పడం అంతకన్నా కష్టం.

ప్రకటనలోనే కొన్ని విషయాలు చెప్పేయండి. ఏ సెన్సర్, అది ఇప్పుడు నడుస్తోందా లేక కొనాల్సి ఉందా, దాన్ని చూసుకునే మనిషి ఎవరైనా ఉన్నారా, స్కాలర్‌కి దాని దగ్గరికి వెళ్లే వీలుందా లేక వేరే దేశంలో ఉండి ఫైల్స్ మాత్రమే వస్తాయా. సెన్సర్ రావడం ఏడాది ఆలస్యమైతే థీసిస్ దేని మీద నడుస్తుందో కూడా రాయండి. చేరాక తెలిసి దిగులుపడిన వాళ్లను చూశాను, చేరకముందే తెలిస్తే వాళ్లు దానికి తగ్గట్టు సిద్ధపడి వచ్చేవాళ్లు.

డేటా గురించి కూడా అడగాలి. రొటేషన్ డేటా చానెళ్ల పేర్లకు జె (J) అక్షరం కేటాయించి ఉంది, వాటిని మామూలు సీస్మోమీటర్ డేటాతో పాటు డేటా సెంటర్లలో పెట్టే పద్ధతి ఉంది, అబ్స్‌పై లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని చదువుతుంది. కాబట్టి డేటా బయటపెట్టడం కష్టం కాదు. కష్టమైనది దానితో పాటు పెట్టాల్సిన డైరీ. ఏ రోజు సెన్సర్‌ని జరిపారు, ఏ రోజు కరెంటు పోయింది, ఏ నెలలో ఉష్ణోగ్రత వల్ల గీత జారింది, ఇరుసుల దిశ ఎవరు ఎలా కొలిచారు. ఈ డైరీ లేని ఆరు కాంపొనెంట్ల డేటా నా దృష్టిలో సగం డేటానే. డైరీ రాసిన స్కాలర్ పేరు డేటాసెట్ మీద మొదటి పేరుగా ఉండాలి, ఆ డేటా వాడిన ప్రతి పేపర్ అతన్ని ఉటంకించాలి.

ఏమీ దొరకలేదన్న ఫలితానికి కూడా చోటివ్వండి. "ఈ సెన్సర్, ఈ చోట, ఇంత కన్నా చిన్న భూకంపాలకు పనికిరాదు" అని లెక్కలతో చూపించిన అధ్యాయం చదివి తర్వాత వచ్చే పదిమంది తమ పని మెరుగ్గా ప్లాన్ చేసుకుంటారు. 2018లో హవాయిలోని కిలవేయా అగ్నిపర్వతం శిఖరం కుంగుతూ వరుసగా కూలిన రోజుల్లో అక్కడ మూడు ఇరుసుల రొటేషన్ సెన్సర్ సీస్మోమీటర్ పక్కన నడిచింది. దాని మీద 2020లో వచ్చిన పేపర్, జవాబులతో పాటు మిగిలిన చిక్కుముడులను కూడా దాచకుండా ముందు పెట్టింది. నాకు ఆ పేపర్ అంటే గౌరవం అందుకే. అలా రాసే ధైర్యం అనుభవజ్ఞులకు ఉన్నప్పుడు, స్కాలర్‌కి కూడా ఉండేలా మీరు చూడాలి. అతని డిగ్రీ మీ సంతకం మీద ఆధారపడి ఉంది, మీరు ముందుగా చెబితే తప్ప ఆ ధైర్యం అతనికి రాదు.

అప్లై చేయబోయేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు. ఇంటర్వ్యూలో చివర "మీరేమైనా అడుగుతారా" అన్నప్పుడు మొహమాటపడకుండా అడగండి: సెన్సర్ ఎక్కడుంది, నేను దాన్ని ముట్టుకోవచ్చా, దాని నాయిస్ ఎవరు కొలిచారు, ఎప్పుడు? మంచి గైడ్‌కి ఈ ప్రశ్న నచ్చుతుంది.

నా థీసిస్‌లోంచి తీసేసిన ఆ తొమ్మిది పేజీలు నా దగ్గర అలాగే ఉన్నాయి, గది కొలతలు, జరపక ముందూ తర్వాతా గీతలు, చేతితో తిప్పి గుర్తు తేల్చిన రోజు నోట్స్ అన్నీ. మీలో ఎవరైనా కొత్త స్కాలర్‌ని తీసుకుని, మొదటి ఏడాది అధ్యాయం ఎలా ఉండాలో నమూనా కావాలంటే అడగండి, స్క్రిప్టులతో సహా ఇస్తాను. వచ్చే విడత ప్రకటనల్లో ఒక్కటైనా "మొదటి పన్నెండు నెలలు సెన్సర్ పరీక్ష, అమరిక, నాయిస్ కొలతలు, ఇది థీసిస్‌లో ఒక అధ్యాయం" అన్న వాక్యంతో వస్తుందని ఎదురుచూస్తుంటాను. అలాంటిది కనిపించిన రోజు నాకు తెలిసిన పిల్లలందరికీ పంపిస్తాను.

ఇట్లు,
ఆరు కాంపొనెంట్ల డేటాతో పీహెచ్‌డీ చేసిన ఒక పాత స్కాలర్